మాల్టా ఒక్కదానికే వారం రోజులు ఎక్కువా?

మీ ప్రశ్నను ఒకసారి కుదించి రాస్తాను. మీరిద్దరూ, పదకొండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అరవై ఏడేళ్ల అత్తగారు కలిసి హైదరాబాద్ నుంచి మాల్టా వెళ్లాలనుకుంటున్నారు. అత్తగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. బాబుకు కోటలన్నా యుద్ధాల కథలన్నా ప్రాణం. దసరా సెలవుల్లో వెళ్లాలా, మే నెలలో వెళ్లాలా అన్నది మొదటి సందేహం. ‘అంత చిన్న దేశానికి వారం ఎందుకు, మూడు రోజులు చాలు, మిగిలిన నాలుగు రోజుల్లో సిసిలీ, రోమ్ చూసి వద్దాం’ అన్నది మీ వారి అభిప్రాయం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. దసరా సెలవుల్లో వెళ్లండి. వారం మొత్తం మాల్టాకే ఇవ్వండి. నాలుగు రాత్రులు రాజధాని వల్లెట్టాలో, రెండు రాత్రులు పక్కనున్న గోజో దీవిలో ఉండండి. కారు అద్దెకు తీసుకోవద్దు. విమానం టికెట్ల కంటే ముందు హైపోజియం అనే పురాతన భూగర్భ శ్మశానం చూసే టికెట్లు చూసుకోండి.

నేను అక్కడ తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. మా బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు అంటూ ముప్పై కుటుంబాలకు పైగా దగ్గరుండి తిప్పి చూపించాను. మూడు రోజుల్లో ముగించాలనుకున్న వాళ్లు ఇంటికి తీసుకువెళ్లింది ఫోటోలు మాత్రమే. వారం ఉన్న వాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా ఆ ఊళ్ల గురించే మాట్లాడతారు.

మాల్టా, గోజో, కొమీనో దీవులు మూడూ కలిపి 316 చదరపు కిలోమీటర్లే. మన హైదరాబాద్‌లో ఇమిడిపోతుంది, నిజమే. అయితే అక్కడ రోజును దూరాన్ని బట్టి లెక్కవేస్తే పొరబడతారు. ఎండను, మెట్లను, బస్సు కోసం నిలబడే సమయాన్ని బట్టి లెక్కవేయాలి. పది కిలోమీటర్ల ప్రయాణానికి గంట పట్టిన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. అత్తగారు వెంట ఉన్నారు కాబట్టి ఉదయం ఒక చోటు, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం మరో చోటు. అంతకు మించి పెట్టుకోకండి.

సిసిలీకి వేగంగా వెళ్లే ఓడ ఉంది. అక్కడి ‘పొజ్జాల్లో’ అనే రేవుకు గంటా నలభై ఐదు నిమిషాల్లో చేరుస్తుంది. ఎట్నా అగ్నిపర్వతం చూపించి అదే రోజు తిరిగి తీసుకువచ్చే యాత్రలూ అమ్ముతారు. వాటికి తెల్లవారకముందే బయలుదేరాలి, తిరిగి వచ్చేసరికి బాగా రాత్రవుతుంది. పెద్దావిడతో ఆ పని చేయకండి. సిసిలీ ఇంకో ప్రయాణానికి ఉంచుకోండి, అది దానికదే పది రోజులు పట్టే చోటు.

ఎప్పుడు వెళ్లాలి. జూలై, ఆగస్టుల్లో అక్కడి ఎండ మన రోహిణి కార్తెలా మండకపోవచ్చు. కానీ నీడ ఉండదు. చెట్లు తక్కువ, ఎటు చూసినా తేనె రంగు సున్నపురాయి, దాని మీద పడి కళ్లకు కొట్టే వెలుతురు. మా నాన్నగారు జూలైలో వచ్చినప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. దక్షిణ తీరంలో హజ్జర్ ఈమ్, ఇమ్‌నైద్రా అని రెండు రాతి ఆలయాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటి దాని నుంచి రెండో దానికి సముద్రం వైపు అర కిలోమీటరు దిగుతూ వెళ్లాలి. దిగడం హాయిగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తిరిగి ఎక్కుతుంటే దారి మధ్యలో నాన్నగారికి కళ్లు తిరిగాయి. గోడ పక్కన జానెడు నీడలో ఆయనను కూర్చోబెట్టి, సీసాలో మిగిలిన నీళ్లు తల మీద పోశాను. ఆ పది నిమిషాలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఆ తర్వాత పెద్దవాళ్లెవరినీ వేసవిలో రమ్మనలేదు. వచ్చిన వాళ్లను కూడా ఆ ఆలయాలకు గేటు తెరిచే వేళకే తీసుకువెళ్లాను.

దసరా నాటికి ఎండ మెత్తబడుతుంది. సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, బాబు ఈదవచ్చు. ఒక ఇబ్బంది ఉంది. అక్టోబర్‌లో ఉన్నట్టుండి ఉరుములతో వాన పడుతుంది, గాలి లేచిందంటే చిన్న పడవలు ఆగిపోతాయి. అందుకే పడవ ప్రయాణాలను చివరి రోజుకు నెట్టకండి. మే మొదటి సగం కూడా మంచిదే, అప్పటికి పొలాల గట్ల మీద పువ్వులు ఇంకా ఉంటాయి. నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి.

హైపోజియం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి. వల్లెట్టాకు దగ్గరలోని పావులా అనే ఊళ్లో, మామూలు ఇళ్ల వరుస కింద, భూమిలోకి మూడు అంతస్తులుగా తొలిచిన శ్మశానమిది. క్రీస్తుకు పూర్వం 4000 నుంచి 2500 మధ్య కాలానిది. ఇళ్లు కడుతూ తవ్వుతుంటే 1902లో బయటపడింది. సుమారు ఏడు వేల మంది అవశేషాలు ఇక్కడ ఉండి ఉంటాయని అంచనా. 1980 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. మనుషుల ఊపిరికి, తేమకు లోపలి రంగులు పాడవుతాయని గంటకు పది మందినే పంపుతారు. అందుకే టికెట్లు నెలల ముందే అయిపోతాయి. ఫోన్లు, కెమెరాలు బయటే పెట్టాలి. ఆరేళ్ల లోపు పిల్లలను రానివ్వరు, మీ బాబుకు ఆ అడ్డు లేదు.

లోపలికి దిగాక చల్లదనం ముందు తగులుతుంది. ఒక గది కప్పు మీద ఎర్ర జాజుతో గీసిన సుడులు ఉంటాయి, మన ముగ్గులో మెలికలు తిరిగినట్లు. ఇంకో గదిలో రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డదూలం, పైన అంచెలంచెలుగా ముందుకు జరిగిన కప్పు కనిపిస్తాయి. ఎవరో రాళ్లు తెచ్చి పేర్చి కట్టారనే అనుకుంటారు. దగ్గరగా చూస్తే ఎక్కడా అతుకు ఉండదు. నేల మీద కట్టిన ఆలయాల రూపాన్ని అచ్చంగా ఒకే బండలో తొలిచారు. ఇనుము లేదు, కంచు లేదు, రాతి పనిముట్లూ కొమ్ములే. మన ఎల్లోరా కైలాసం చూసి నోట మాట రాని వాళ్లకు ఇక్కడా అదే జరుగుతుంది. ఎల్లోరా కంటే ఇది మూడు వేల ఏళ్లకు పైగా పాతది. అక్కడ దొరికిన ‘నిద్రిస్తున్న స్త్రీ’ మట్టిబొమ్మ వల్లెట్టా పురావస్తు మ్యూజియంలో ఉంది. అరచేతిలో పట్టేంత బొమ్మ. పక్కకు ఒత్తిగిలి, తల కింద చేయి పెట్టుకుని పడుకుని ఉంటుంది. హైపోజియం చూశాక ఆ బొమ్మ దగ్గరకు వెళ్లండి, ముందు కాదు.

లోపల మెట్లున్నాయి, నేల కొన్నిచోట్ల తడిగా ఉంటుంది. అత్తగారు పట్టుకుని ఒక అంతస్తు దిగి ఎక్కగలిగితేనే ఆమెకు టికెట్ తీసుకోండి. లేదంటే మీ ముగ్గురూ విడతలుగా కాకుండా ఒకే సమయానికి వెళ్లి, గంటసేపు ఆమెను పావులా కూడలిలోని చర్చి దగ్గర బల్ల మీద కూర్చోబెట్టవచ్చు. ఆ ఊరి పెద్దవాళ్లూ సాయంత్రాలు అక్కడే కూర్చుంటారు. వీసా రాకముందే టికెట్ కొనడం నష్టమేమో అని భయపడతారు, అది న్యాయమైన భయమే. నేనైతే ఆ నష్టానికి సిద్ధపడతాను, ఎందుకంటే హోటల్ రద్దు చేసుకోవచ్చు, విమానం తేదీ మార్చుకోవచ్చు, ఇది మాత్రం మళ్లీ దొరకదు.

వీసా. మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 చివరి నుంచి ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఉంది, 2008 నుంచి యూరో వాడుతోంది. మీకు కావలసింది షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. దసరాకు వెళ్లేవాళ్లు జూన్, జూలైల్లో పెట్టేయడం మంచిది, ఆలస్యం చేస్తే అపాయింట్‌మెంట్లు దొరకవు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. బాబుకు పన్నెండు నిండే తేదీ ఒకసారి చూసుకోండి. ముప్పై వేల యూరోలకు తక్కువ కాకుండా ప్రయాణ బీమా ఉండాలి. అత్తగారికి పాత జబ్బులు ఏవైనా ఉంటే వాటికి కూడా వర్తించే బీమా తీసుకోండి, పది రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్, ఇస్తాంబుల్ లేదా ఏదైనా యూరప్ నగరం మీదుగా వెళ్లాలి. షెంగెన్ దేశపు నగరం మీదుగా అయితే ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, కాబట్టి విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి.

ఎక్కడ ఉండాలి. చాలామంది స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు హోటళ్లు చూస్తారు. సముద్రం పక్కన చదునైన నడకదారి ఉంటుంది, భోజన హోటళ్లు ఎక్కువ. నేను వల్లెట్టా అనడానికి కారణం ఒకటే. ఆ దేశపు బస్సులు దాదాపు అన్నీ వల్లెట్టా కోట ద్వారం బయట నుంచే మొదలవుతాయి. అక్కడ ఎక్కితే అత్తగారికి సీటు దొరుకుతుంది. దారి మధ్య స్టాపుల్లో నిండిన బస్సులు ఆపకుండా వెళ్లిపోతాయి, ఖాళీగా ఉన్నా చెయ్యెత్తి ఆపాలి.

వల్లెట్టా ఒక గుట్ట వెన్ను మీద ఉన్న ఊరు. రిపబ్లిక్ వీధి, మర్చంట్స్ వీధి ఆ వెన్ను వెంట సాగుతాయి. అడ్డవీధులు మాత్రం రెండు వైపులా రేవుల్లోకి జారిపోతాయి, చాలావాటికి మెట్లే. నేను ఒకసారి బంధువుల కోసం లిఫ్టు ఉందని రాసిన ఇల్లు బుక్ చేశాను. తీరా వెళితే లిఫ్టు పనిచేయదు, ఇల్లు మూడో అంతస్తులో, వీధే డెబ్బై మెట్లు. సూట్‌కేసులు మోసి మోసి మా బావగారి నడుము పట్టేసింది. అందుకని ఇంటి యజమానికి ముందే సందేశం పంపి రెండు ప్రశ్నలు అడగండి. లిఫ్టు ఇప్పుడు పనిచేస్తోందా? కోట ద్వారం నుంచి ఇంటి వరకు మెట్లు ఎన్ని? రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. చిన్న వంటగది ఉన్న ఇల్లయితే అత్తగారికి హాయి.

కథ చెప్పే వరుసలో ఊళ్లు చూడండి. ఇది బాబు కోసం. అందరూ వల్లెట్టాతో మొదలుపెడతారు. మీరు మొదటి సాయంత్రం వల్లెట్టాలోని అప్పర్ బరక్కా తోటలో నిలబడి రేవు అవతలి ఒడ్డు చూపించండి. ఆ కనిపించేది బిర్గూ. 1530లో సెయింట్ జాన్ వీరులు అనే క్రైస్తవ సైనిక సంఘానికి పవిత్ర రోమన్ చక్రవర్తి ఐదో చార్లెస్ ఈ దీవులు ఇచ్చినప్పుడు వాళ్లు కాపురం పెట్టింది అక్కడ. ఏటా ఒక డేగను కానుకగా పంపడమే కౌలు. 1565లో ఒట్టోమాన్ సేన వచ్చి పడింది. రేవు ముఖంలోని సెయింట్ ఎల్మో కోట నెల రోజులు నిలిచి జూన్ 23న పడిపోయింది. బిర్గూ మాత్రం సెప్టెంబర్ దాకా తట్టుకుంది, సిసిలీ నుంచి సాయం వచ్చాక ముట్టడి ఎత్తేశారు. ఆ మరుసటి సంవత్సరం, 1566 మార్చి 28న, ఖాళీ గుట్ట మీద వల్లెట్టాకు పునాదిరాయి వేశారు. ముట్టడిని ఎదుర్కొన్న వీరుల నాయకుడు జాన్ ద వలెట్ పేరే ఊరికి పెట్టారు.

కాబట్టి రెండో రోజు బిర్గూ, మూడో రోజు వల్లెట్టా. తోట పక్కనే లిఫ్టు ఉంది, 58 మీటర్లు కిందికి, రేవు గట్టు మీదికి దింపుతుంది. అత్తగారు ఒక్క మెట్టు కూడా దిగనవసరం లేదు. అక్కడి నుంచి పడవ. పెద్ద ఫెర్రీ కాకుండా ‘దైసా’ అనే చిన్న చెక్క పడవ ఎక్కండి. నీటి మట్టం నుంచి తల పైకెత్తి ఆ కోట గోడలు చూస్తే, 1565లో ఆ గోడ కింద నిలబడిన సైనికుడికి ఏమనిపించి ఉంటుందో పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు. తోట కింద ఫిరంగుల వరుస నుంచి పన్నెండు గంటలకు, నాలుగు గంటలకు ఫిరంగి పేలుస్తారు. అత్తగారికి ముందే చెప్పి ఉంచండి, గుండె అదురుతుంది.

వల్లెట్టాలో సెయింట్ జాన్ కో-కెథడ్రల్‌కు పూర్తి ఉదయం ఇవ్వండి. బయట నుంచి గోదాములా సాదాగా ఉంటుంది, లోపల బంగారు పూత లేని అంగుళం ఉండదు. నేలంతా రంగు చలువరాళ్లతో పొదిగిన వీరుల సమాధులు, సుమారు నాలుగు వందలు. వాటికి దెబ్బ తగలకుండా సన్న మడమల చెప్పులు వేసుకుంటే లోపలికి రానివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, మీ చున్నీ చాలు. ఆదివారం సందర్శకులకు మూసి ఉంటుంది. లోపలి ప్రార్థనా మందిరంలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన ‘బాప్తిస్మమిచ్చే యోహాను శిరచ్ఛేదం’ ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. సంతకం ఎక్కడ ఉందో బాబును వెతకమనండి. మెడ నుంచి కారి నేల మీద పడిన నెత్తురులోంచే పేరు రాశాడు.

పాత రాజధాని ఎమ్‌దీనా, దాని పక్క ఊరు రబాత్ ఒక పూట. దారిలో మోస్తా చర్చి దగ్గర దిగండి. 1942 ఏప్రిల్ 9న జర్మన్ బాంబు ఆ గుమ్మటాన్ని చీల్చుకుని, ప్రార్థనకు చేరిన సుమారు మూడు వందల మంది మధ్య పడింది, పేలలేదు. ఆ నెలలోనే, ఏప్రిల్ 15న, బ్రిటిష్ రాజు దేశం మొత్తానికి జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చాడు. వాళ్ల జెండా మూలలో ఉన్నది అదే.

గోజో. చిర్కెవ్వా రేవు నుంచి ఓడలో ఇరవై ఐదు నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడే తీసుకుంటారు, కంగారు పడకండి. వల్లెట్టా నుంచి నేరుగా వేగపు పడవా ఉంది. బస విక్టోరియా ఊళ్లో పెట్టుకోండి, అక్కడి బస్సులన్నీ అక్కడి నుంచే. జగాంటియా ఆలయాలు క్రీస్తుకు పూర్వం 3600 నాటివి, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. ఒక రాక్షస స్త్రీ బిడ్డను భుజాన వేసుకుని, బీన్సు గింజలు, తేనె తింటూ ఆ బండలు మోసుకొచ్చి పేర్చిందని అక్కడి అవ్వలు చెబుతారు. మన పాండవుల గుట్టల కథలు విన్న అత్తగారికి ఇది ఇట్టే నచ్చుతుంది. ద్వేయ్రాలో సముద్రంలోకి చాచిన రాతి కిటికీ ఫోటోలు ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. అది 2017 మార్చి 8న తుఫానుకు కూలిపోయింది. ఉప్పుమడుల వైపు వెళ్లండి, సాయంత్రం వెలుతురులో అవే అందం.

కొమీనో నీలి మడుగు గురించి ఎక్కువ రాయను. నీళ్లు నిజంగా అంత నీలమే, జనం కూడా అంతే. నీడ లేదు. అత్తగారితో మానేయండి.

తిండి. ఇది మీరు భయపడినంత కష్టం కాదు, అజాగ్రత్తగా ఉండేంత సులభమూ కాదు. వీధి కొసన చిన్న కొట్లలో ‘పస్తీత్సి’ అమ్ముతారు. మన కర్రీ పఫ్‌కు దగ్గరి చుట్టం, పొరలు ఇంకా పలుచన. రెండు రకాలు ఉంటాయి. నడుమ మడత విచ్చుకుని కళ్లలా ఉన్నవి రికోటా జున్నువి, ఒక పక్కన మడత మూసుకున్నవి బఠానీవి. జున్ను రకంలో గుడ్డు కలుపుతారు కాబట్టి అత్తగారికి బఠానీవి. అందులోనూ కొన్ని కొట్లు పిండిలో పంది కొవ్వు వాడతాయి. ‘లార్డ్ వేస్తారా’ అని ఇంగ్లిష్‌లో అడగండి, అందరికీ ఇంగ్లిష్ వచ్చు, విసుక్కోరు. ‘బిగిల్లా’ అనే ఎండు చిక్కుడు గింజల ముద్ద వెల్లుల్లితో మన పచ్చడిలా ఉంటుంది, రొట్టెతో బాగుంటుంది. టమాటా రాసిన రొట్టె అడిగితే ట్యూనా చేప లేకుండా అని చెప్పాలి, మామూలుగా అది ఉంటుంది. ఎర్రటి సాస్‌తో స్పగెట్టి తెస్తే కుందేలు మాంసమా అని ఒకసారి అడగండి, వాళ్ల జాతీయ వంటకం కుందేలే. ఖర్జూరం కూరి నూనెలో వేయించిన ‘ఇమ్‌రెత్’ను అత్తగారు ఇష్టంగా తింటారు, మన కజ్జికాయ పద్ధతే. ఇప్పుడు అక్కడ భారతీయులు చాలామంది పనిచేస్తున్నారు. కందిపప్పు, పెరుగు, ఊరగాయ దొరికే కొట్లు స్లీమా చుట్టుపక్కల ఉన్నాయి.

భాష గురించి ఒక మాట. మాల్టీస్ అరబ్బు కుటుంబపు భాష, రాసేది మాత్రం రోమన్ లిపిలో. పుస్తకాన్ని ‘క్తీబ్’ అంటారు, లోకాన్ని ‘దిన్యా’ అంటారు. హైదరాబాద్‌లో కితాబు, దునియా విన్న చెవికి బస్సులో వెనక సీటు మాటలు మధ్యమధ్యలో తెలిసినట్టే ఉంటాయి.

చిన్న విషయం, అందరూ తప్పుచేసేది. యూరప్ అనగానే రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్ కొనుక్కుని వెళతారు. మాల్టా 1964 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం. గోడలో ఉండేది చదరపు పిన్నుల బ్రిటిష్ సాకెట్. ఆ అడాప్టర్ అబిడ్స్‌లో రెండు కొనుక్కోండి.

మీ తేదీలు, అత్తగారు చేయి పట్టుకుని ఎన్ని మెట్లు దిగగలరో రాయండి. హైపోజియంకు మూడు టికెట్లు తీసుకోవాలా, నాలుగా అన్నది అప్పుడు తేల్చి చెబుతాను. ఆ రెండూ ఈ వారంలోనే రాస్తే మేలు.